కుర్చీకి ఎన్ని అడుగులు?

మా ఆఫీసుకొచ్చే బిల్డర్లు కూర్చున్న అయిదు నిమిషాల్లో అడిగేది ఒకటే. "మేడమ్, ఇంకో అయిదేళ్లకు మన వెస్ట్ సైడ్ ఎన్ని జాబ్స్ వస్తయ్?" నేను తిరిగి ఒకటి అడుగుతాను. "మీ బిల్డింగుకు ఓసీ ఏ సంవత్సరం వస్తుంది?" ఓసీ అంటే కట్టిన భవనంలో ఇక చేరవచ్చని ఇచ్చే పత్రం. ఆ ఎదురుప్రశ్న చాలామందికి రుచించదు. జాతకం చెప్పించుకుందామని వచ్చినవాళ్లకు క్యాలెండర్ చూపిస్తే ఏం బాగుంటుంది!

స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, ఆస్తుల కన్సల్టెన్సీలో రీసెర్చ్ డెస్కు మీద కూర్చున్నదాన్ని. వేరేవాళ్ల ఉద్యోగాలు లెక్కపెట్టడమే నా ఉద్యోగం, ఇంకా పుట్టనివాటితో సహా. వాటికి ఎన్ని చదరపు అడుగుల జాగా కావాలి, ఆ జాగాకు ఎంత నేల కావాలి, ఆ నేల ఊరికి ఏ మూలనుంటే జనం వస్తారు అన్నదంతా అందులోకే వస్తుంది. ఎన్ని ఉద్యోగాలొస్తాయో చెప్పడమే కష్టమని బయటివాళ్లు అనుకుంటారు. నా అనుభవంలో ఆ అంచనా ఎక్కువసార్లు కాస్త అటూ ఇటూగా నిజమైంది. అసలు దెబ్బ తినేది ఆ అంకె చేతికొచ్చాక చేసే గుణకారంలో.

నేను లెక్కలు వేస్తూ వచ్చిన ప్రాంతం మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ. ఇప్పుడు దాన్నే హైదరాబాద్ అంటున్నాం గానీ, 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసేదాకా అది శేరిలింగంపల్లి మున్సిపాలిటీ, నగరం అంచున ఉన్న వేరే పట్టణం. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటికి చుట్టూ బండలే. సెంట్రల్ యూనివర్సిటీ 1974 నుంచి ఉంది. ట్రిపుల్ ఐటీ 1998లో వచ్చింది, ఐఎస్‌బీ 2001లో, జాతీయ క్రీడల కోసం కట్టిన స్టేడియం 2002లో. అప్పట్లో సికింద్రాబాద్‌లోనో బేగంపేటలోనో ఆఫీసున్న వాళ్లను ఇటు రమ్మంటే "అంత దూరం స్టాఫ్ ఎట్లా వస్తారండీ" అనేవాళ్లు. ఇప్పుడు అదే స్టాఫు సికింద్రాబాద్ దూరమంటోంది.

లెక్క ఎలా మొదలవుతుందో చెప్తాను. ముందు ఇప్పుడు ఎన్ని ఉద్యోగాలున్నాయో తెలియాలి. అక్కడే ఇబ్బంది. ఫలితాలు చేతికొచ్చిన మన చివరి జనగణన 2011ది. వ్యాపార సంస్థల్ని లెక్కపెట్టే ఆర్థిక గణన ఏడోది 2019లో మొదలైంది గానీ ఫలితాలు బయటికి రాలేదు. అంటే గచ్చిబౌలిలో ఇవాళ ఎంతమంది పనిచేస్తున్నారని అడిగితే ప్రభుత్వం దగ్గర కూడా నేరుగా జవాబు లేదు. రాష్ట్ర ఐటీ శాఖ ఏటా ఒక అంకె ఇస్తుంది, అది తెలంగాణ మొత్తానిది. అందులో అధిక భాగం ఈ పడమటి మూలదే కాబట్టి దాన్నే పట్టుకుంటాం. రిజిస్టరైన లీజు డీడ్లు, ఓసీలు, కరెంటు కనెక్షన్లు చూస్తాం. ఆ పైన కాళ్లకు పని చెప్తాం.

కొత్తగా చేరినవాళ్లను నేను సాయంత్రం ఏడింటికి పంపిస్తాను, ఏ ఫ్లోర్లలో లైట్లు వెలుగుతున్నాయో చూసి రమ్మని. పార్కింగులో బండ్లు చూడాలి. గేటు దగ్గర సెక్యూరిటీ అతనితో మాట్లాడాలి. "నాలుగు ఫ్లోర్లే నడుస్తున్నయ్ మేడమ్, మీదివి తీస్కున్నరు గని రాలే" అని అతను ఒక్క మాట అన్నాడంటే కంపెనీ వెబ్‌సైటులో ఉన్న ఉద్యోగుల సంఖ్య కన్నా అది నాకు ఎక్కువ పనికొస్తుంది. లీజు తీసుకోవడం వేరు, మనుషులు వచ్చి కూర్చోవడం వేరు. మార్కెట్ రిపోర్టుల్లో మాత్రం రెండూ ఒకే గడిలో పడిపోతాయి.

ఇక అంకెలు. 2014లో తెలంగాణ ఐటీ ఉద్యోగులు సుమారు 3.23 లక్షలు. 2023 నాటికి 9.05 లక్షలు. తొమ్మిదేళ్లలో పెరిగింది 5.82 లక్షలు, అంటే సగటున ఏడాదికి 65 వేలు. ఇప్పుడు మనిషికి 100 చదరపు అడుగులు వేస్తే ఏటా 65 లక్షల అడుగుల ఆఫీసు కావాలి. 120 వేస్తే 78 లక్షలు. 70 వేస్తే 45 లక్షలు. ఉద్యోగాల అంకెను నేను తాకనే లేదు, కుర్చీకిచ్చే జాగాను మాత్రమే మార్చాను. పై లెక్కకూ కింది లెక్కకూ తేడా ఏడాదికి దాదాపు 33 లక్షల అడుగులు. గచ్చిబౌలిలో 7.3 ఎకరాల్లో గూగుల్ కట్టదలచిన భవనం మొత్తం విస్తీర్ణం అంత. పెళ్లికి ఎంతమంది వస్తారో సరిగ్గా చెప్పినా, విస్తరికి ఎంత అన్నం పోతుందో తెలీని వంటవాడు బియ్యం కొలవలేడు.

ఆ జాగా ఎవరు నిర్ణయిస్తారు? 2019లో నానక్‌రామ్‌గూడలో తెరిచిన అమెజాన్ క్యాంపస్‌లో ఆఫీసు జాగా 18 లక్షల అడుగులు, 15,000 మందికి. అంటే తలకు 120. కాల్ సెంటర్లు వెల్లువెత్తిన రోజుల్లో ఒకే కుర్చీలో పగలొకరు, రాత్రొకరు కూర్చునేవాళ్లు. అప్పుడు తలకు లెక్క వేస్తే అందులో సగమే. కోవిడ్ తర్వాత వారానికి మూడు రోజులు ఆఫీసు అనే పద్ధతి వచ్చింది. పదిమంది స్టాఫున్న టీముకు ఆరేడు కుర్చీలు వేసి, వచ్చినవాళ్లు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోండి అన్నారు. కుర్చీలు తగ్గినా జాగా అంతే తగ్గలేదు, ఎందుకంటే ఇంటినుంచి పనిచేసేవాణ్ని ఆఫీసుకు రప్పించాలంటే క్యాంటీను పెద్దది కావాలి, ఫోన్ మాట్లాడుకోవడానికి చిన్న గదులు కావాలి, జిమ్ కావాలి. పైగా కంపెనీ అద్దె కట్టేది సూపర్ బిల్టప్ మీద. లిఫ్టులు, మెట్లు, లాబీ పోగా చేతికొచ్చే కార్పెట్ ఏరియా అందులో మూడొంతులు ఉంటే గొప్ప. రిపోర్టులో 100 అని రాసింది ఏ ఏరియానో చెప్పకపోతే ఆ అంకెకు అర్థమే లేదు. నన్నడిగితే చెప్పనివే ఎక్కువ.

ఇక ఓసీ ఎందుకు అడుగుతానో. 2020-21లో రాష్ట్రంలో ఐటీ ఉద్యోగులు 6.28 లక్షలు. మరుసటి ఏడాదికి 7.78 లక్షలు. ఒక్క ఏడాదిలో లక్షన్నర ఉద్యోగాలు! అంతకుముందెన్నడూ అంత పెరుగుదల లేదు. విచిత్రమేమిటంటే ఆ ఏడాది ఆఫీసులు ఖాళీగా ఉన్నాయి. కొత్తగా చేరిన పిల్లలు వరంగల్‌లోనో భీమవరంలోనో ఇంట్లో మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేశారు. ఉద్యోగాల గ్రాఫు నిలువునా లేచింది, కుర్చీల గ్రాఫు నేల మీదే ఉంది. తర్వాతి ఏడాది ఇంకో 1.27 లక్షలు. ఆ రెండేళ్ల గీతను ముందుకు పొడిగిస్తే ఏటా లక్షకు పైగా ఉద్యోగాలు, కోటి అడుగుల పైచిలుకు ఆఫీసులు అని తేలింది. అందరూ పొడిగించారు. 2023-24కు వచ్చేసరికి కొత్త ఉద్యోగాలు 40 వేల దగ్గర ఆగాయి.

మన పడమటి నేల గ్రానైటు. అనుమతులు తెచ్చుకుని, బండ పేల్చి, నాలుగైదు సెల్లార్లు దించి, పైకి లేచి, ఓసీ చేతికొచ్చేసరికి నాలుగేళ్లు పడుతుంది. 2021, 22ల్లో కాగితం మీద చూసిన ఉత్సాహం 2024, 25ల్లో అద్దాల గోడలై నిలబడింది. ఉద్యోగాలు ఆగిపోలేదు, పెరుగుతూనే ఉన్నాయి. విదేశీ కంపెనీలు తమ సొంత పనికి ఇక్కడ పెట్టుకునే కేంద్రాలు, మా భాషలో జీసీసీలు, హైదరాబాద్‌లో 350 దాటాయి. అయినా ఆ రోజుల్లో నగరంలోని ఆఫీసు జాగాలో దాదాపు నాలుగో వంతు ఖాళీ. బెంగళూరులో ఖాళీ అంతకన్నా బాగా తక్కువ.

ఆ ఖాళీకి ఇంకో కారణం ఉంది, పెద్దగా ఎవరూ మాట్లాడరు. అందులో కొంత సెజ్ జాగా, అంటే ప్రత్యేక ఆర్థిక మండలాలది. కొత్త సెజ్ యూనిట్లకు ఆదాయపు పన్ను మినహాయింపు 2020తో ముగిసింది. మినహాయింపు లేని సెజ్‌లోకి నిబంధనలన్నీ నెత్తిన వేసుకుని ఎవరు వస్తారు? పక్క బిల్డింగులో అద్దె ఎక్కువైనా అటే పోయారు. 2023 డిసెంబరులో కేంద్రం ఒక్కో ఫ్లోరును విడిగా సెజ్ నుంచి తప్పించుకునే వీలు ఇచ్చాక కాస్త కదలిక వచ్చింది. ఏ ఉద్యోగాల అంచనాలోనూ దొరకని కారణం ఇది.

నేల సంగతి చూస్తే మరీ చిత్రం. 2013 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం హైదరాబాద్‌కు ఐటీఐఆర్ అనే ఐటీ పెట్టుబడుల ప్రాంతాన్ని మంజూరు చేసింది. 202 చదరపు కిలోమీటర్లు, రెండు దశల్లో పాతికేళ్లకు సుమారు 15 లక్షల ప్రత్యక్ష ఉద్యోగాలు. ఆ కాగితం చూసిన రోజున నేను చేసిన భాగహారం ఇప్పటికీ గుర్తుంది: 202 చదరపు కిలోమీటర్లంటే దాదాపు 50 వేల ఎకరాలు, ఎకరానికి 30 ఉద్యోగాలు. అందులో ఇళ్లు, రోడ్లు, ఫ్యాక్టరీలు కూడా ఉన్నాయి, నిజమే. అయినా అమెజాన్ వాళ్లు 9.5 ఎకరాల్లో 15,000 మందికి చోటు చేశారు, ఎకరానికి దాదాపు 1,580. ఐటీఐఆర్‌ను కేంద్రం తర్వాత పక్కన పెట్టేసింది. దాని మీద రాజకీయంగా చాలా రగడ జరిగింది. ఆ పథకం లేకుండానే ఉద్యోగాలు దాదాపు మూడింతలు కావడానికి పదేళ్లు కూడా పట్టలేదు. ఆ 50 వేల ఎకరాలతో పని పడలేదు.

కారణం 2006లోనే ఉంది. జీవో 86తో ఎఫ్ఎస్ఐ పరిమితి తీసేశారు. వేరే నగరాల్లో ఫలానా స్థలంలో ఇన్ని రెట్లే కట్టాలని గీత ఉంటుంది. మన దగ్గర ముందు రోడ్డు వెడల్పు ఎంత, చుట్టూ ఎంత వదిలారు, ఎత్తుకు ఎయిర్‌పోర్టు వాళ్లూ ఫైర్ వాళ్లూ ఒప్పుకున్నారా, ఇంతే. డబ్బు, ధైర్యం ఉంటే ఎంతైనా లేపొచ్చు. ఎకరాల్లో అంచనా వేసే ప్లానర్లకు ఈ ఊళ్లో కాళ్ల కింద నేలే లేదు. మొదటి తరం క్యాంపస్‌లు యాభై ఎకరాల్లో చెట్ల మధ్య నాలుగంతస్తులు కట్టుకున్నాయి. ఆ లెక్కను ముందుకు జరిపి మాస్టర్ ప్లాన్‌లో రంగులు వేస్తే, వచ్చిన తరం ఏడెకరాల్లో ముప్పై లక్షల అడుగులు అంటోంది.

ఏ మూల అన్నది మరో గొడవ. ఐటీఐఆర్ మ్యాపులో పడమరతో పాటు శంషాబాద్, మహేశ్వరం వైపు, ఉప్పల్, పోచారం వైపు కూడా గుర్తులున్నాయి. పోచారంలో ఇన్ఫోసిస్‌కు 400 ఎకరాలకు పైగా ఇచ్చారు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం ఐటీని నలుదిక్కులా పంచాలని గ్రిడ్ పాలసీ తెచ్చింది, తూర్పుకు వెళ్తే రాయితీలు అంది. పెద్ద కంపెనీలు చాలావరకు పడమరనే ఉండిపోయాయి. ఎందుకంటే ఆఫీసు మారేముందు కంపెనీలు మా దగ్గర పిన్‌కోడ్ మ్యాపు గీయించుకుంటాయి. పేర్లు లేకుండా ఉద్యోగుల ఇంటి పిన్‌కోడ్లు మాత్రం ఇస్తారు. మేం చుక్కలు పెట్టి, అందరికీ ప్రయాణం తక్కువ పడే చోటు చూపిస్తాం. అది ఎప్పుడూ ఇప్పుడున్న ఆఫీసు చుట్టుపక్కలే తేలుతుంది, ఎందుకంటే ఆఫీసును చూసే వాళ్లు ఇళ్లు తీసుకున్నారు. మా మ్యాపులు వరుసగా పెట్టి చూస్తే ఆ నడిబొడ్డు మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ మీదుగా కోకాపేట వైపు జరుగుతూ కనిపిస్తుంది.

ఆ కోకాపేటలో 2006 వేలంలో ఎకరం 14 కోట్లు దాటిందని పేపర్లు గుండెలు బాదుకున్నాయి. ఆ తర్వాత మాంద్యం, కోర్టు కేసులు. 2023 ఆగస్టులో అదే కోకాపేటలోని నియోపోలిస్‌లో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. ఆఫీసుకైనా ఇళ్లకైనా వాడుకోవచ్చన్న నేల అది. వంద కోట్లు పెట్టినవాళ్లకంటే జాగ్రత్తగా అంచనా వేసేవాళ్లు ఎవరుంటారు? వాళ్లలో ఎక్కువమంది యాభై అంతస్తుల అపార్ట్‌మెంట్లు మొదలుపెట్టారు. కొత్త ఆఫీసుల అవసరం గురించి మార్కెట్టు రాసుకున్న నిజమైన రిపోర్టు నాకైతే అదే.

డేటా బాగుంటే ఇవన్నీ సర్దుకుంటాయని మా జూనియర్ల నమ్మకం. అమెరికా శివారు పట్టణాల్లో, మనవాళ్లు బారులు తీరిన టెక్సస్ ఊళ్లతో సహా, జీతాల రికార్డుల ఆధారంగా ఏ బ్లాకులో ఎన్ని ఉద్యోగాలున్నాయో సెన్సస్ సంస్థ ఆన్‌లైన్‌లో పెడుతుంది. చూస్తే నాకు ఈర్ష్య. అంత డేటా ఉన్న దేశంలోనూ 2024లో ఆఫీసుల్లో దాదాపు ఐదో వంతు ఖాళీ.

మా లెక్కల్లో అసలు కనపడని జాగా ఇంకోటుంది. ఒక ఐటీ ఉద్యోగానికి మరో మూడు నాలుగు ఉద్యోగాలు పుడతాయని ప్రభుత్వాలు ప్రతి సభలోనూ చెప్తాయి. సరే, ఆ మూడు నాలుగు ఎక్కడ కూర్చుంటాయి? క్యాబ్ డ్రైవర్, హాస్టల్ వంటమనిషి, కర్రీ పాయింట్, జిరాక్స్, ఐరన్ బండి, మొబైల్ రిపేరు. వీళ్లకు చదరపు అడుగులు వేసిన రిపోర్టు నేను చూడలేదు. లీజు డీడు ఉండదు కాబట్టి మా గడుల్లో పడరు. మాస్టర్ ప్లాన్‌లో వాళ్ల రంగు లేదు. అందుకే అంజయ్యనగర్, సిద్దిఖ్‌నగర్ లాంటి చోట్ల అరవై గజాల్లో ఆరంతస్తుల హాస్టళ్లు లేచాయి, కింద మడిగెలు. మడిగె దొరకనివాళ్లు ఫుట్‌పాత్ మీదికి వచ్చారు. 2024 జనవరిలో మాదాపూర్‌లో యూట్యూబ్‌తో పేరొచ్చిన ఒక భోజనాల బండి దగ్గర ట్రాఫిక్ ఆగిపోతోందని పోలీసులు తీయించేస్తే, అది ముఖ్యమంత్రి కలగజేసుకునేదాకా వెళ్లింది. అందరూ దాన్ని యూట్యూబ్ పిచ్చి అన్నారు. నాకు మాత్రం అందులో వేలమంది మధ్యాహ్నం అన్నం తినాల్సిన చోట అన్నం అమ్మడానికి జాగా వదలని ప్లాను కనిపించింది.

కోవిడ్‌లో మొదట మూతపడ్డవీ వీళ్లవే. ఆఫీసు కంపెనీలు లీజును మధ్యలో వదలనివ్వని లాకిన్ షరతు వల్ల ఖాళీ ఫ్లోర్లకు కూడా అద్దె కట్టాయి. హాస్టల్ నడిపేవాళ్లకు ఆ రక్షణ లేదు. 2020 జూన్‌లో మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో నడిచాను, గేటు గేటుకూ టులెట్ బోర్డు. "పిల్లలు పరుపులు గూడ ఇడిసిపెట్టి పోయిన్రు మేడమ్, మళ్లీ వస్తమన్నరు" అంది ఒక హాస్టల్ యజమానురాలు. లక్షన్నర ఉద్యోగాలు పెరిగిన మరుసటి ఏడాది కూడా ఆ బోర్డుల్లో చాలావరకు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు నేను రిపోర్టు రాస్తే మూడు అంకెలు ఇస్తాను, తక్కువ, మధ్య, ఎక్కువ. ప్రతిదానికీ కుర్చీకి ఎన్ని అడుగులు వేశానో, అదే సమయానికి ఇంకెన్ని భవనాలు దిగుతాయో వెనక పేజీల్లో రాస్తాను. బిల్డర్లు "బ్యాంకోళ్లకు మూడిస్తే నవ్వుతరు మేడమ్, ఒక్కటి చెప్పండి" అంటారు. మధ్యది మొదటి పేజీలోకి ఎక్కుతుంది.

మొన్న సూర్యాపేట నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. కట్టబోయే ఆఫీసు టవర్‌లో మూడు వందల అడుగులు కొంటే, పూర్తయ్యేదాకా నెలనెలా అద్దె ఇస్తామంటున్నారట. పొలం అమ్మిన డబ్బు ఉంది. "పెట్టమంటవా అక్కా?" కట్టని బిల్డింగుకు అద్దె ఎక్కడినుంచి వస్తుందో ముందు ఆలోచించమన్నాను. నీ డబ్బే నీకు వాయిదాల్లో ఇస్తుంటే అది అద్దె కాదు కదా. తర్వాత చూడాల్సిన చోట్లు చెప్పాను. అమ్మకానికున్న ప్రాజెక్టైతే తెలంగాణ రెరా వెబ్‌సైటులో ఉండాలి, పూర్తి చేస్తామన్న తేదీ అందులో ఉంటుంది. అద్దెకివ్వడానికి మాత్రమే కట్టే పెద్ద టవర్లు రెరాలో దొరకవు. అయితే 20,000 చదరపు మీటర్లు దాటిన ఏ భవనానికైనా పర్యావరణ అనుమతి కావాలి, ఆ దరఖాస్తులు కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. నీ టవర్ చుట్టూ రెండు కిలోమీటర్లలో ఏమేం వస్తున్నాయో రాసుకో, ఏ ఏడాది దిగుతాయో పక్కన వేసుకో అన్నాను.

కుర్రాడు కామర్స్ చదివాడు, ఓపికుంది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ చేశాడు. "అక్కా, అదే రోడ్ల ఇంకా శానా ఉన్నయ్. అన్నీ దగ్గర్దగ్గర ఒకటే ఏడు."

"ఆ మాట అమ్మేవాణ్ని అడిగావా?"

"అడిగిన. ఎన్ని కట్టినా సాలవు, ఉద్యోగాలు అట్ల వస్తున్నయ్ అన్నడు. మీ ఆఫీసు రిపోర్టే చూపిచ్చిండు."

"ఎన్ని పేజీలు చూపించాడు?"

"ఒక్కటే. మొదటిది."